ఆర్‌ఎక్స్ 100 రీబిల్డ్: హెడ్ బిగించే ముందు గ్యాప్ ఎంతుందో చూశాను

బ్లాక్ బోరింగ్ నుంచి వచ్చేసింది, ఇక పైభాగం కూర్చోబెట్టడమే. కొత్తగా చదివేవాళ్ళకి: బండి మా బాబాయిది, యమహా టూ స్ట్రోక్ బైకు, 1991 మోడల్, ఒంగోల్లో షెడ్డు మూలన ఏళ్ళ తరబడి పడి ఉంది, ఉప్పుగాలికి ఇంజన్ చల్లబడటానికుండే రెక్కలు, అదే ఫిన్లన్నీ తెల్లగా పొక్కిపోయాయి. ఆర్‌ఎక్స్ 100కి కంపెనీ బోర్ (పిస్టన్ తిరిగే గొట్టం వెడల్పు) 50 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) కూడా 50, అంటే 98 సీసీ. ఇప్పుడు 50.50 పిస్టన్ పడింది. స్కర్ట్ (పిస్టన్ కింది భాగం) దగ్గర బోర్ గోడకి స్లాక్ 0.04 ఉంచమన్నాను, అంతే ఉంచారు. రింగుని బోర్‌లోకి పిస్టన్‌తోనే సమంగా నెట్టి ఎండ్ గ్యాప్, అంటే రింగు రెండు కొనల మధ్య సందు చూస్తే 0.25 వచ్చింది. అక్కడిదాకా బాగానే ఉంది.

ఈసారి రాసేది పిస్టన్ టాప్‌లోకి వచ్చినప్పుడు దాని అంచుకీ హెడ్‌కీ మధ్య మిగిలే ఖాళీ గురించి. మన దగ్గర దీన్ని కొలిచే మెకానిక్ దాదాపు కనబడడు. అడిగితే "కంపెనీ వాడు లెక్కేసే పెట్టాడు కదా, నువ్వేంది కొత్తగా" అంటారు. కంపెనీ లెక్క కంపెనీ పార్టులు ఉన్నంతవరకే. ఈ బండిలో పిస్టన్ బజారుది, పిన్ను నుంచి తల వరకు దాని ఎత్తు ఒరిజినల్‌తో సరిగ్గా కలవాలనేం లేదు, ప్యాకింగులు (గాస్కెట్లు) ఒక్కో షాపులో ఒక్కో మందం, హెడ్ ఇదివరకు ఎన్నిసార్లు ఎమరీ పేపర్ మీద రుద్దారో ఎవరికీ తెలీదు. పైగా విప్పినప్పుడు బ్లాక్ కింద రెండు ప్యాకింగులు ఒకదానిమీద ఒకటి ఉన్నాయి. ఎవరో లీకు ఆపడానికి వేసుంటారు.

టూ స్ట్రోక్ హెడ్‌లో మధ్యన గిన్నెలాంటి గుంట, దాని చుట్టూ అంచున ఒక పట్టీ ఉంటాయి. పిస్టన్ పైకొచ్చేసరికి ఆ పట్టీ కింద చిక్కుకున్న మిక్స్చర్ (పెట్రోలు, గాలి కలిసింది) గట్టిగా మధ్యకి చిమ్ముకొస్తుంది, మంట త్వరగా అంటుకుంటుంది, అంచుల్లో మిగిలిన పొర చల్లగా ఉంటుంది. ఖాళీ 1.5 మి.మీ. దాటితే ఈ చిమ్మడం పోతుంది, అంచున మిగిలిన మిక్స్చర్ ఆలస్యంగా తనంతట తానే పేలి నాకింగ్ వస్తుంది. మరీ తగ్గించి 0.6 కిందికి తెస్తే, స్పీడు మీద కనెక్టింగ్ రాడ్ సాగడం, బేరింగుల స్లాక్, పిస్టన్ వేడికి పెరగడం ఇవన్నీ కలిసి పిస్టన్ వెళ్ళి హెడ్‌ని ముద్దు పెట్టుకుంటుంది. రోడ్డు మీద తిరిగే వంద సీసీ బండికి 1.0 అనుకుని మొదలుపెట్టాను. రేసుల వాళ్ళు ఇంకా తగ్గిస్తారు, నాకు ఆ సరదా లేదు, మే నెల ఎండలో కొత్తపట్నం దాకా వెళ్ళి రాగలిగితే చాలు.

కొలవడానికి పెద్ద సామాను అక్కర్లేదు. సోల్డరింగ్ వైరు, వెర్నియర్ (మైక్రోమీటర్ ఉంటే ఇంకా మేలు), కాస్త గ్రీజు. వైరు మందం మనం ఊహించే గ్యాప్ కంటే ఎక్కువుండాలి, లేకపోతే అది నలగదు, మనకేమీ తెలీదు. 18 గేజి వైరు 1.2 మి.మీ., 16 గేజిది 1.6 మి.మీ. ట్రంకు రోడ్డులో ఎలక్ట్రానిక్స్ షాపులో 16 గేజిది తెచ్చాను. రెండు సెంటీమీటర్ల ముక్కలు నాలుగు కత్తిరించి పిస్టన్ తల మీద గ్రీజుతో అంటించాను: రెండు పిస్టన్ పిన్ను వరసలో, అంటే బండికి కుడీ ఎడమా, మిగతా రెండు ముందూ వెనకా. నమ్మాల్సింది పిన్ను వరసలోవే, ఎందుకంటే పిస్టన్ ముందుకీ వెనక్కీ కాస్త ఊగుతుంది, అటు పెట్టిన ముక్కల కొలత తేడాగా వస్తుంది. ముక్క కొన బోర్ గోడని తాకుతూ ఉండాలి. కొంచెం లోపలికి జరిగినా అంచు దగ్గరి ఖాళీ తెలీదు, అసలు తగిలేది అక్కడే.

తర్వాత వేయబోయే ప్యాకింగులే వేసి, హెడ్‌ని మాన్యువల్లో ఉన్న టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించాలి. చేత్తో బిగించి కొలిస్తే ప్యాకింగ్ నలగదు, గ్యాప్ అబద్ధం చెబుతుంది. ప్లగ్ తీసేసి, క్రాంకు చివర మ్యాగ్నెట్ నట్టుకి పానా వేసి ఇంజన్‌ని మెల్లగా తిప్పాను. కిక్కు కొట్టొద్దు. టాప్ దగ్గరికి రాగానే చేతికి చిన్న బరువు తగులుతుంది, అది సోల్డర్ నలుగుతున్నట్టు. అది దాటాక ఆపి, హెడ్ విప్పి, ముక్క చివర చదునైన చోట కొలవాలి. నలిగిన చోట మెరుపు వస్తుంది కాబట్టి ఎక్కడిదాకా ఒత్తుకుందో ఇట్టే కనబడుతుంది.

బ్లాక్ కింద ఒకే ప్యాకింగ్ వేసి చూస్తే ఎడమ 1.43, కుడి 1.41. రెండు ప్యాకింగులతో ఎంతుండేదో అనుకుంటేనే నవ్వొచ్చింది, బాబాయి "ఒకప్పుడు గుర్రంలా పోయేదిరా, తర్వాత ఎందుకో పడుకుంది" అని ఎప్పుడూ అంటుంటే నిజమే కాబోలు.

ఇక్కడ చాలామంది చేసేది కింద ప్యాకింగ్ పల్చనిది వేసి బ్లాక్ దించేయడం. నాకది నచ్చదు. బ్లాక్ దిగితే దాంతోపాటు బోర్ గోడలో ఉండే రంధ్రాలు, అంటే పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ పోర్టూ, మిక్స్చర్ లోపలికొచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టులూ దిగుతాయి. అర మిల్లీమీటరు దించితే పోర్టులు తెరిచి ఉండే సమయం రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, బండి పైస్పీడులో మందగిస్తుంది. పోర్టుల ఎత్తు కంపెనీ ఎక్కడ పెట్టిందో అక్కడే ఉంచి, తగ్గించాల్సింది హెడ్‌లో తగ్గించడం నయం. ఎటూ ఈ హెడ్ వంగి ఉంది. స్టీల్ స్కేలు అడ్డంగా పెట్టి చూస్తే ఎగ్జాస్ట్ వైపు ఫీలర్ గేజి (సందులు కొలిచే పల్చటి రేకుల కట్ట) 0.08 రేకు దూరింది. ఇలాంటి హెడ్‌కి 0.03 దాటకూడదంటారు.

లేత్ పనికి కర్నూలు రోడ్డులో గ్రానైట్ మిషన్ల పార్టులు చేసే అన్న దగ్గరికి పోయాను. ఆయన హెడ్ తిప్పి చూసి "ఎంత లేపమంటావ్ తమ్ముడూ, ఒకేసారి ఒక మిల్లీ లాగేద్దామా?" అన్నాడు. "వద్దన్నా, ముందు 0.3 తీయండి, కొలుచుకొచ్చి మళ్ళీ చెప్తా" అన్నాను. ఆయనకి ఇది చాదస్తంలా అనిపించిందని మొహం చూస్తేనే తెలిసింది కానీ పని మాత్రం శ్రద్ధగా చేశాడు: ఫిన్లు విరక్కుండా చక్ దవడల దగ్గర అల్యూమినియం ముక్కలు పెట్టి, డయల్ గేజితో ముఖం సరిచూసి, పల్చటి కట్లతో తీశాడు. ఇంటికొచ్చి సోల్డర్ పెడితే 1.13, 1.11. మళ్ళీ వెళ్ళి ఇంకో 0.1 తీయించాను. ఇప్పుడు 1.02, 1.00, ముందు వైపు 0.97, వెనక 1.06. చాలు.

చివరి నునుపుకి నీళ్ళ పేపర్ (తడిపి రుద్దే ఎమరీ పేపర్), 400 నంబరుది, కిరసనాయిలు పోసి ఎనిమిది ఆకారంలో చేత్తో రుద్దడమే. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పలక ముక్క ఒకటి ఉంది ఇంట్లో, దాని మీద రుద్దుకోమని అందరూ సలహా ఇచ్చారు. స్కేలు పెట్టి చూస్తే మధ్యలో వెలుతురు కనబడింది. పాలిష్ పట్టినంత మాత్రాన పలక చదునుగా ఉండాలనేం లేదు. అద్దాల షాపులో 12 మి.మీ. గాజు ముక్క తెచ్చుకున్నాను, దాని కింద వెలుతురు రాలేదు.

హెడ్ తగ్గించాం కాబట్టి కంప్రెషన్ ఎంత పెరిగిందో కూడా చూడాలి. బోర్ 50.5 అంటే వైశాల్యం దాదాపు 20 చదరపు సెం.మీ., 0.4 మి.మీ. తీస్తే 0.8 సీసీ తగ్గాలి. పిస్టన్‌ని టాప్‌లో ఉంచి, బోర్ అంచుకి పల్చగా గ్రీజు రాసి, ఇంజన్ వంచి ప్లగ్ రంధ్రం నిటారుగా వచ్చేలా చేసి, మెడికల్ షాపు సిరంజితో కిరసనాయిల్లో 2టీ ఆయిల్ కలిపి ప్లగ్ త్రెడ్ల కింది అంచు దాకా నింపాను. మునుపు 10.4 సీసీ పట్టింది, ఇప్పుడు 9.6. లెక్క కలిసింది. మొత్తం స్ట్రోక్ మీద కంప్రెషన్ నిష్పత్తి 10.6 నుంచి 11.4కి వచ్చింది. ఎగ్జాస్ట్ పోర్టు మూసుకున్నాకే నిజమైన కంప్రెషన్ మొదలవుతుంది కాబట్టి ఈ అంకె చూసి టెన్షన్ పడక్కర్లేదు, ఫోర్ స్ట్రోక్ బండ్లతో పోల్చకూడదు.

ట్రయల్‌కి వేసిన హెడ్ ప్యాకింగ్ నలిగిపోయింది, ఫైనల్‌కి అదే షాపులో తీసుకున్న రెండోది, మందం కొలిచే వేశాను. నట్లు క్రాస్‌గా, మూడు విడతల్లో.

స్టార్ట్ అయింది, నాకింగ్ లేదు. మొదటి ట్యాంకుకి లీటరుకి 40 మి.లీ. 2టీ ఆయిల్ కలిపాను, సగం యాక్సిలరేటర్ దాటనివ్వకుండా కొత్తపట్నం రోడ్డులో పొద్దున్నే తిప్పుతున్నాను. ప్లగ్ కాస్త తెల్లగా వస్తోంది. ఇప్పుడు బంకుల్లో దొరికే ఇ20 పెట్రోలుకి (20 శాతం ఇథనాల్ కలిసింది) మిక్స్చర్ పల్చబడుతుంది కాబట్టి కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే మెయిన్ జెట్ ఒక సైజు పెంచి చూస్తాను. ఆ పని అయ్యేదాకా ఎవరికీ తాళం ఇవ్వడం లేదు, బాబాయితో సహా. ఇంజన్ పూర్తిగా చల్లారాక హెడ్ నట్లు ఒకసారి మళ్ళీ టార్క్ చూడాలి, సైలెన్సర్ లోపలి బ్యాఫిల్ ఇంకా మసితోనే ఉంది, దాన్ని కాస్టిక్ సోడాలో నానబెట్టాలి.