బ్రెజిల్ కోటా లెక్క

"బ్రెజిల్లో కూడా రిజర్వేషన్లా?" ఇవాళ టీ దగ్గర వచ్చిన ప్రశ్న. ఉన్నాయి. 2012 నుంచి చట్టమే ఉంది, నంబరు 12,711.

ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ యూనివర్సిటీలో ఒక కోర్సుకి 80 సీట్లుంటే, కనీసం 40 హైస్కూలంతా ప్రభుత్వ బడిలో చదివినవాళ్లకే. అందులో 20 తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి: ఇంట్లో తలకి నెలకి ఒక కనీస వేతనం దాటకూడదు. 2023 దాకా ఒకటిన్నర ఉండేది. ఈ రెండు ఇరవైల్లోనూ నల్లజాతి, పార్దో అనే మిశ్రమ జాతి, ఆదివాసీ పిల్లల వాటా ఆ రాష్ట్ర జనాభా లెక్కల్ని బట్టి. అందుకే బహియా రాష్ట్రంలో ఆ వాటా ఎక్కువ, శాంత కతరీనా రాష్ట్రంలో తక్కువ.

అంటే జాతి ఒక్కటే చాలదు. ప్రైవేటు స్కూల్లో చదివిన నల్లజాతి డాక్టరుగారబ్బాయికి ఈ కోటా రాదు. నాకు నచ్చింది ఇదే.

చిక్కల్లా సీట్లు నింపే వరుసలో వచ్చింది. కోటా కింద దరఖాస్తు చేసిన అమ్మాయికి ఓపెన్‌లో వచ్చేంత మార్కులున్నా కోటా సీటే ఇచ్చేవారు. మన కౌన్సెలింగ్ తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, కనీసం అని పెట్టిన సంఖ్య గరిష్ఠమై కూర్చుంటుంది. 2023 సవరణ తర్వాత ముందు ఓపెన్‌లో చూసి, అక్కడ రాకపోతేనే కోటా.

మన కుల సర్టిఫికెట్ లాంటిది అక్కడ లేదు. తన జాతి ఏదో అభ్యర్థే రాసిస్తారు. తప్పుడు దరఖాస్తులు బయటపడ్డాక యూనివర్సిటీలు కమిటీలు పెట్టాయి. అవి చూసేది చర్మం రంగు, జుట్టు, ముఖం. తాత ఎవరన్నది లెక్కలోకి రాదు. ఒక కమిటీ ఒప్పుకున్న పిల్లాణ్ణి ఇంకోటి కాదనొచ్చు, అప్పుడిక కోర్టే.