పై అరలో రెండు గిన్నెలు

పోయిన వేసవిలో మా అమ్మ, మా అత్తగారు ఒకేసారి పిట్స్‌బర్గ్ వచ్చారు. ఇద్దరూ విజిటర్ వీసా మీదే. ఇంట్లో వంటగది ఒక్కటే. ఒక మంగళవారం అత్తగారు గోంగూర పప్పు చేశారు. తాలింపులో వేగిన వెల్లుల్లి, ఎండుమిరపకాయల వాసన మేడమీద దాకా వచ్చింది. అందరం బల్ల దగ్గర చేరాం. అమ్మ మాత్రం పై అరలోంచి తన గిన్నె దించుకుని, తను విడిగా వండుకున్న అన్నంలో పెరుగు కలుపుకుని సోఫాలో కూర్చుంది.

"అమ్మమ్మ పప్పు ఎందుకు తినట్లేదు?" అని అడిగింది మా పదేళ్ల అమ్మాయి.

"ఇవాళ ఒక్కపొద్దమ్మా" అన్నాను.

"ఒక్కపొద్దు శనివారం కదా. ఇవాళ మంగళవారం."

నా దగ్గర జవాబు లేదు. ఆ గిన్నెలు అక్కడ పెట్టింది నేనే. అమ్మ వస్తోందనగానే ఇండియన్ స్టోర్‌కి వెళ్లి ఒక అన్నం గిన్నె, ఒక కూర గిన్నె కొత్తవి కొన్నాను. ఆవిడ అడగలేదు కూడా. ఇన్నేళ్ల తర్వాత మా గడప తొక్కుతోంది, ఏ చిన్న మాటా రాకూడదని నాకు టెన్షన్. అత్తగారు ఆ గిన్నెలను మొదటిరోజే చూశారు. ఏమీ అనలేదు. వాటిని ఎప్పుడూ ముట్టుకోలేదు కూడా. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మా ఆయనదీ నాదీ గుంటూరు జిల్లానే. మాది రైతు కుటుంబం, ఆదివారం కోడికూర ఉండాల్సిందే. మా ఆయన వాళ్లు లూథరన్ క్రైస్తవులు. అత్తగారు టీచరుగా చేసి రిటైరయ్యారు. 2011లో స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద మా పెళ్లి జరిగింది. 1954 నాటి చట్టం అది. ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, దాన్ని ఆఫీసులో అందరికీ కనబడేట్టు అంటిస్తారు. మా పేర్లు, అడ్రసులు ఆ బోర్డు మీద వేలాడిన నెల రోజులూ నేను సరిగ్గా నిద్రపోలేదు. వారం తిరక్కుండానే ఎవరో మా నాన్న చెవిన వేశారు. ఆ చట్టం కింద చేసుకుంటే నేను ఉమ్మడి కుటుంబంలోంచి వేరుపడినట్టేనని మా బాబాయి 19వ సెక్షన్ చదివి మరీ వినిపించాడట.

ఆ నెలంతా మా ఇంట్లో ఏసుప్రభువు మాట ఎవరూ ఎత్తలేదు. ఎందుకు ఎత్తుతారు? చిన్నప్పుడు నాకు జ్వరం తగ్గకపోతే గుణదల మేరీమాతకు మొక్కుకుని, కొండెక్కి కొబ్బరికాయ కొట్టింది మా సొంత నాయనమ్మే. మా వాళ్లు అడిగింది ఒక్కటే: "వాళ్లేమిటోళ్లు?"

మా ఆయన తాతగారి కాలంలో వాళ్లు మతం పుచ్చుకున్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి వెళ్లిన దళితులకు ఎస్సీ హోదా ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లను బీసీ-సి కింద లెక్కేస్తారు. మా ఆయన సర్టిఫికెట్ మీద ఉన్నదీ అదే. కాగితం మీద మారింది గానీ మా ఊళ్లో ఎవరూ మార్చలేదు.

ఇక్కడికొచ్చాక పిల్లల విషయంలో మేం మొదట చేసింది తప్పు. బాప్తిస్మమా, అక్షరాభ్యాసమా అని రెండు వైపుల నుంచీ ఫోన్లు వస్తుంటే, పద్దెనిమిదేళ్లు వచ్చాక వాళ్లే తేల్చుకుంటారని రెండూ మానేశాం. చేతిలో ఏమీ పెట్టకుండా ఏరుకోమంటే పిల్లలు ఏం ఏరుకుంటారు? నాలుగేళ్లుగా రెండూ చేస్తున్నాం. వినాయక చవితికి పత్రి దొరక్క మేపుల్ ఆకులు కోసుకొస్తాం. డిసెంబరు రాగానే పిల్లలు గుమ్మానికి స్టార్ కడతారు. పెన్ హిల్స్‌లో కొండమీదున్న వెంకటేశ్వరస్వామి గుడి 1977 నాటిది, అమెరికాలో మనవాళ్లు కట్టుకున్న తొలి గుళ్లలో ఒకటి. ఆ గుడి మెట్లన్నీ పిల్లలకు కొట్టినపిండే.

అత్తగారు వచ్చాక ఇంకో దారి తెలిసింది. గుంటూరుకు 1842లో వచ్చిన మొదటి లూథరన్ మిషనరీ హేయర్ దొర సమాధి ఇక్కడే, పిట్స్‌బర్గ్‌కి గంటన్నర దూరంలో, సోమర్‌సెట్ దగ్గర ఫ్రీడెన్స్‌లో ఉంది. "అది చూడకుండా ఇండియా వెళ్లను" అన్నారు ఆవిడ. అందరం వెళ్లాం, అమ్మ కూడా వచ్చింది. దారిలో అత్తగారు కీర్తనల పుస్తకం తీసి పాడుతుంటే, పాట పైన రాగం, తాళం పేర్లు అచ్చేసి ఉండటం చూసి అమ్మ ఆశ్చర్యపోయింది. రామాలయం భజనల్లో పెరిగిన మనిషి, తనకు తెలియకుండానే మోకాలి మీద తాళం వేసింది. తిరుగు దారిలో అత్తగారు తెచ్చిన చపాతీలు మాత్రం ముట్టలేదు.

ఇంకో సంగతి. మా అమ్మ పుట్టింది గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో. దాన్ని పెట్టిన డాక్టర్ అన్నా కుగ్లర్ కూడా మేముండే ఈ పెన్సిల్వేనియా రాష్ట్రం నుంచి వెళ్లినావిడే. అక్కడ అమ్మకు తొలి స్నానం చేయించిన నర్సమ్మ మా అత్తగారి లాంటి ఇంటి నుంచి వచ్చినావిడే అయి ఉంటుందని నా నమ్మకం.

మా అమ్మాయి అంత తేలిగ్గా వదల్లేదు. "నానమ్మ కూడా గుళ్లో లడ్డు తినదు కదా, ఇద్దరూ సేమ్" అంది. అందరూ చెప్పే మాటే ఇది: ఎవరి పట్టింపులు వాళ్లవి. అత్తగారు ప్రసాదం పుచ్చుకోరు, నిజమే. "నాకొద్దమ్మా, ఏమనుకోకు" అని దణ్ణం పెడతారు. అది దేవుడికి పెట్టింది కాబట్టి తన దేవుడి మాట ప్రకారం తినరు. అదే పులిహోర అమ్మ మామూలుగా కలిపిన రోజు రెండుసార్లు పెట్టించుకుంటారు. అమ్మను నోరారా "వదినగారూ" అని పిలుస్తారు. అమ్మ ఏ హోటల్లోనైనా తింటుంది, వండింది ఎవరో అడగదు. ఈ ఒక్కరి చేతి వంటే వద్దు. వియ్యపురాలిని ఆ ఆర్నెల్లూ "టీచరుగారూ" అనే పిలిచింది గానీ వదిన అనలేదు. ఒకరు వద్దనుకున్నది నైవేద్యాన్ని, ఇంకొకరు వద్దనుకున్నది మనిషిని. రెండూ ఒకటని నా కూతురితో చెప్పలేను.

ఆ రాత్రి దాని మంచం మీద కూర్చుని చెప్పాను. కులం అంటే ఏమిటో, వాళ్ల నాన్న చిన్నప్పుడు మా ఊరి టీకొట్టులో గ్లాసు ఎక్కడ పెట్టేవారో, మా పెళ్లికి మా వాళ్లెవరూ ఎందుకు రాలేదో. గిన్నెలు కొన్నది నేనేనని కూడా చెప్పాను. అది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి నేను?" అంది.

మర్నాడు పొద్దున అమ్మ దానికి జడ వేస్తోంది. "అమ్మమ్మా, నేను నానమ్మ మనవరాలిని కూడా కదా. నేను అన్నం వండితే తింటావా?" అని అడిగింది. అమ్మ చేతిలో దువ్వెన ఆగిపోయింది. "పిచ్చిపిల్ల, ఏం మాటలవి" అని మళ్లీ దువ్వడం మొదలుపెట్టింది. పిల్ల జవాబు కోసం చూసింది. రాలేదు. అక్టోబరులో ఎయిర్‌పోర్టుకు వెళ్లేదాకా అమ్మ అలాగే విడిగా తింది.

మేలో మళ్లీ ఇద్దరూ వస్తున్నారు. మొన్న అమ్మకు ఫోన్ చేసి, పై అరలో గిన్నెలు తీసేశాననీ ఈసారి అందరికీ ఒకటే కుక్కరనీ చెప్పాను. అవతల కాసేపు ఏమీ వినపడలేదు.

"ఆవిడ కూడా నా ఫ్లైట్‌లోనే వస్తోందా?" అంది అమ్మ.

"అదే ఫ్లైట్. పక్క సీటే."

"సరే, చూద్దాంలే" అని పెట్టేసింది.