ఆకాశంలో నిలబడ్డ విభీషణుడు

సకృదేవ ప్రపన్నాయ తవాస్మీతి చ యాచతే |
అభయం సర్వభూతేభ్యో దదామ్యేతద్వ్రతం మమ ||

"నేను నీవాణ్ణి" అని ఒక్కసారి శరణు వేడితే చాలు, సమస్త భూతాల నుంచీ అభయమిస్తాను, ఇది నా వ్రతం అంటున్నాడు రాముడు. వాల్మీకి రామాయణం యుద్ధకాండలోని ఈ మాటను శ్రీవైష్ణవులు రామ చరమ శ్లోకమని, అంటే శరణాగతి గురించి రాముడి ఆఖరి మాటని, తలదాలుస్తారు. వాళ్ళ ఆచార్యుల్లో ఒకరైన వేదాంత దేశికులు ఈ శరణాగతి ఘట్టం మీదే అభయప్రదాన సారమనే గ్రంథం రాశారు. శ్లోకం మనకు కొత్తది కాదు. దానికి ముందు సముద్రతీరాన ఒక చర్చ జరుగుతుంది, దాన్ని మాత్రం ఉపన్యాసాల్లో గబగబా దాటేస్తాం. పరాయివాడు గుమ్మంలోకొస్తే లోకం ఎలా వణుకుతుందో, ఏ మాటలు వాడుతుందో అంతా ఆ చర్చలోనే ఉంది.

విభీషణుడు నలుగురు అనుచరులతో సముద్రం దాటి వచ్చాడు. నేలమీదికి దిగలేదు, ఆకాశంలోనే ఆగాడు. అక్కడి నుంచే తానెవరో చెప్పుకున్నాడు. రావణుడనే దుర్వృత్తుడైన రాక్షసరాజు ఉన్నాడు, నేనతని తమ్ముణ్ణి, పేరు విభీషణుడు అన్నాడు. వరస గమనించండి. ముందు అన్న పేరు, అన్న చెడునడత, ఆ తరవాతే తన పేరు. తన జాతిలో అందరికంటే చెడ్డవాడి పేరు ముందు చెప్పుకుంటే తప్ప పరాయివాడికి తన పేరు చెప్పుకునే వంతు రాదు. ఇప్పటికీ ఎందరి బతుకులో ఇదే వరస.

కింద వానరులు చెట్లూ బండరాళ్ళూ ఎత్తి పట్టుకున్నారు. ఇతను గూఢచారి, చంపేయాలన్నాడు సుగ్రీవుడు. శత్రువు దగ్గర్నుంచి వచ్చినవాణ్ణి చప్పున నమ్మకూడదన్నాడు అంగదుడు. చారుణ్ణి పంపి ఆరా తీయమన్నాడు శరభుడు. రాకూడని చోటికి రాకూడని వేళలో వచ్చాడన్నాడు జాంబవంతుడు. మెల్లగా మాటల్లో పెట్టి అడగమన్నాడు మైందుడు. వీళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు, యుద్ధం ముంగిట ఉన్నవాళ్ళు, జాగ్రత్త తప్పుకాదు. కానీ సుగ్రీవుడి సంగతే నా మనసును పట్టేస్తుంది. అన్న తరిమేస్తే ఋశ్యమూకం మీద తలదాచుకుని, రాముడి చెలిమితో నిలదొక్కుకున్నవాడు ఆయన. అన్నను వదిలి వచ్చిన ఇంకొకడు కనబడగానే అందరికంటే గట్టిగా కాదన్నదీ ఆయనే.

హనుమంతుడొక్కడే వేరుగా మాట్లాడాడు. విభీషణుడి మాటలో దుష్టభావం లేదు, ముఖం ప్రసన్నంగా ఉంది, లోపలిది దాచాలన్నా ముఖం దాచనివ్వదన్నాడు. వాలి వధ గురించీ, సుగ్రీవుడి పట్టాభిషేకం గురించీ విని రాజ్యం మీద ఆశతో వచ్చాడని కూడా దాచకుండా చెప్పాడు. ఆ సభలో లంకలో అడుగుపెట్టి, అక్కడి మనుషుల్ని కళ్ళారా చూసినవాడు హనుమ ఒక్కడే. తెల్లవారుజామున ఆరు అంగాలతో వేదం నేర్చిన రాక్షసుల వేదఘోష ఆ ఊళ్ళో విన్నాడు. రావణుణ్ణి చూసి "అహో రూపమహో ధైర్యమ్" అని ఆశ్చర్యపోయాడు, ఇతనిలో అధర్మం ఇంత బలంగా లేకపోతే దేవలోకానికి కూడా రక్షకుడయ్యేవాడు కదా అనుకున్నాడు. దూతను చంపరాదని నిండుకొలువులో అడ్డుపడిన విభీషణుడి వల్లే ప్రాణాలతో బయటపడ్డాడు. వెళ్ళి చూసినవాడికి లేని భయం వినడమే తప్ప చూడనివాళ్ళకు ఉంది.

వాల్మీకి చూపించిన ఆ లంకను మన నాటకాలూ సినిమాలూ బొమ్మల కథలూ ఏం చేశాయో చూస్తే బాధేస్తుంది. కోరలు, కొమ్ములు, అట్టహాసం, నల్లరంగు. నీలమేఘశ్యాముడు నాయకుడైన కథలో నలుపును రాక్షసుల వంతు చేసేశాం! సాంఘిక చిత్రాలకొచ్చేసరికి కోరలు పోయాయి, వాటి స్థానంలో యాస వచ్చింది. దుర్మార్గుడికో హాస్యగాడికో తెలంగాణ యాస తగిలించడం చాలాకాలం మనకు తప్పుగానే తోచలేదు. రాక్షసుడి మొహానికి మనం ఏ రంగు పూశామో, నోట్లో ఏ పలుకు పెట్టామో చూస్తే చాలు, అప్పట్లో మనం ఎవరిని చిన్నచూపు చూశామో తెలిసిపోతుంది.

అయితే మన జనం మనసు ఇంతకంటే పెద్దదని చెప్పే సాక్ష్యం కూడా ఉంది. భారతం ద్రోణపర్వంలో ఘటోత్కచుడు కూలినప్పుడు పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషిస్తాడు. కర్ణుడు చంపకపోతే నేనే చంపవలసి వచ్చేదంటాడు. ఆ ఘటోత్కచుణ్ణే శశిరేఖా పరిణయం కథ పెళ్ళివారింటికి తీసుకొచ్చింది. 1957లో వచ్చిన మాయాబజార్‌లో ఎస్.వి. రంగారావు గారి రూపంలో ఇంటింటికీ మేనమామంత దగ్గరివాడయ్యాడు. హిడింబి కొడుకును ఇంత ప్రేమించగలిగిన మనం విభీషణుడి దగ్గర ఎందుకు బిగుసుకుపోతాం? ఘటోత్కచుడు మనవైపు వాడు. విభీషణుడు తనవాళ్ళను కాదనుకున్నవాడు. సీతను అప్పగించమన్నందుకు రావణుడతన్ని కులానికి మచ్చ అన్నాడు, మనం "ఇంటిగుట్టు లంకకు చేటు" అని ఇప్పటికీ అంటున్నాం. ఏ జనానికైనా బయటి రాక్షసుడికంటే లోపలి నుంచి లేచి "ఇది అధర్మం" అన్నవాడంటేనే ఎక్కువ భయం. విచిత్రమేమిటంటే, అశ్వత్థామా బలిర్వ్యాసో హనుమాంశ్చ విభీషణః అని పుట్టినరోజునాడు పిల్లల ఆయుష్షు కోసం చదివేటప్పుడు మాత్రం ఆ ఏడుగురు చిరంజీవుల్లో ఒక అసురుణ్ణీ ఒక రాక్షసుణ్ణీ భక్తిగా తలుచుకుంటాం.

సుగ్రీవుడి అభ్యంతరానికి రాముడు కోప్పడలేదు. అందరు అన్నదమ్ములూ భరతుడిలాంటి వాళ్ళు కారు నాయనా అన్నాడు. తన జంటను పట్టుకున్న వేటగాడు శరణంటే ఆదరించిన పావురం కథ చెప్పాడు. అప్పుడొచ్చింది ఈ శ్లోకం. ఆ వెంటనే, వచ్చినవాడు విభీషణుడైనా సరే, రావణుడే అయినా సరే, అభయమిచ్చాను తీసుకురా అన్నాడు. ఆ పని ఎవరికి చెప్పాడు? చంపేయాలన్న సుగ్రీవుడికే. ఆ సుగ్రీవుడే ఇతను మాతో సమానుడు కావాలి, మాకు స్నేహితుడు కావాలి అన్నాడు. సహించి ఒక మూల చోటివ్వడం వేరు, సమానుడనడం వేరు.

రావణుడు కూలాక, ఇలాంటివాడికి సంస్కారం చేయడం నాకు తగదని విభీషణుడే వెనకాడాడు. అప్పుడు రాముడన్నాడు:

మరణాంతాని వైరాణి నిర్వృత్తం నః ప్రయోజనమ్ |
క్రియతామస్య సంస్కారో మమాప్యేష యథా తవ ||

వైరాలు చావుతో సరి, మన పని అయిపోయింది, ఇతనికి సంస్కారం చెయ్యి, నీకెలాగో నాకూ ఇతను అలాగే. విజయదశమి సాయంత్రం రావణుడి దిష్టిబొమ్మను కాల్చేచోట, భుజాల మీదెక్కి చూసే పిల్లలకు ఈ శ్లోకం కూడా పెద్దవాళ్ళు చెప్పాలని నా కోరిక. బాణం వేసిన రాముడే, ఇతను నావాడు కూడా అని అంత్యక్రియలు చేయించాడని వాళ్ళకు తెలియాలి.