మిర్చి పొగలోకి వెళ్లే మనుషులు

ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు. 1944లో అదే 14న బొంబాయి రేవులో ఓడ పేలినప్పుడు ప్రాణాలిచ్చిన ఫైర్ సిబ్బంది జ్ఞాపకార్థం ఏటా జరుపుతారు. ఈసారి గుంటూరులో డ్రిల్ దగ్గరుండి చూశాను.

నీళ్లు చిమ్మడం అందరూ ఫోన్లలో తీసుకున్నారు. నన్ను కదిలించింది వేరే. వీపున గాలి సిలిండర్, ముఖానికి మాస్క్, ఆ మాస్క్‌కి అడ్డంగా గుడ్డ. ఏమీ కనబడకుండా గోడ తడుముకుంటూ, మోకాళ్ల మీద పాకుతూ లోపలికెళ్లి అదే దారిన తిరిగి రావాలి. జుట్టు నెరిసినవాళ్లు కూడా చేస్తున్నారు. "ఇన్నేళ్ల సర్వీసు తర్వాత కూడా అవసరమా అండీ?" అంటే ఒకాయన, "పొగలో కళ్లు పనిచేయవమ్మా, చేతులకి గుర్తుండాలి" అన్నారు.

ఆ సిలిండర్ అరగంటకని లెక్క ఉన్నా బరువు మోస్తే, టెన్షన్ పడితే అంతకంటే ముందే ఖాళీ అయిపోతుందట. గాలి తగ్గిందని హెచ్చరించే విజిల్ మోగేదాకా ఆగకూడదు, ఆలోపే బయటపడాలి. మన కోల్డ్ స్టోరేజీలు తలుచుకుంటే భయమేసింది. కిటికీలుండవు, పైకప్పు దాకా మిర్చి బస్తాలు. నిప్పంటుకుంటే అవి లోలోపల కాలుతూనే ఉంటాయి, నీళ్లకు తడిసి బరువెక్కితే మీద కూలొచ్చు. ఒక్క ఎండుమిర్చి పొయ్యిలో పడితేనే ఇల్లంతా దగ్గుతాం కదా!

అందుకే ఇలాంటి శిక్షణ ఏడాదికోసారి చూపించే ప్రదర్శనలా మిగిలిపోకూడదని గట్టిగా అనిపిస్తోంది. దానికి సమయం, కొత్త మాస్కులు, సరిపడా మనుషులు కావాలి. అడగాల్సింది మనమే.

మా సందులో రెండువైపులా కార్లే, ఫైరింజన్ తిరగదు. ఆదివారం అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో ముందు ఈ విషయమే ఎత్తుతున్నాను.