బొగ్గు పెట్టెల్లో వెళ్లిన గుర్రపు దళం

శనివారం. కారు సర్వీసింగుకి ఇస్తే సాయంత్రం నాలుగు దాకా రాదన్నారు. అమ్మ మోకాళ్ల నొప్పని ఇంట్లోనే ఉండిపోయింది. చేసేదేం లేక నేనూ నాన్నా వంతెన దాటి, అమెరికాలో ఫ్లోరిడాలోని మా ఊరు టాంపాలో ఉన్న యూనివర్సిటీ ఆఫ్ టాంపా వైపు నడిచాం.

ఆ వెండి మినార్లని చూసి నాన్న, "ఇదేంటమ్మా, నవాబుగారి దివాణంలా ఉంది, కాలేజీ అంటావు" అన్నారు. కాలేజీయే, కానీ కట్టింది హోటలుగా. రైళ్లూ ఓడలూ నడిపే హెన్రీ ప్లాంట్ అనే ఆయన 1891లో తెరిచాడు. 1898లో అమెరికా క్యూబా కోసం స్పెయిన్ మీద యుద్ధానికి దిగినప్పుడు సైన్యం పెద్దలంతా ఈ వరండాలోనే ఊగే కుర్చీల్లో కూర్చుని ఆర్డర్ల కోసం ఎదురుచూశారు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన థియొడోర్ రూజ్‌వెల్ట్ కూడా రాత్రి భోజనానికి ఇక్కడికొచ్చి, పొద్దున్నే తన రెజిమెంటు గుడారాలకి వెళ్లేవాడు. భార్య వచ్చి ఇక్కడే దిగింది మరి.

ఆ రెజిమెంటే ఫస్ట్ యూఎస్ వాలంటీర్ కావల్రీ, అంటే స్వచ్ఛందంగా చేరినవాళ్ల గుర్రపు దళం. జనం నోట్లో రఫ్ రైడర్లు. జనవరిలో ఈ ఊళ్లో జరిగే సముద్రపు దొంగల పండగ గాస్పరిల్లా ఊరేగింపులో ఆ వేషాలేసుకుని వస్తారు, పూసల దండలు విసురుతారు. మా ఆఫీసులో ఎవర్నడిగినా క్యూబాలో గుర్రాల మీద కొండెక్కారు అంటారు, అంతే. నాకు ఒళ్లుమండేది అక్కడే. ఆఫీసర్లవి తప్ప గుర్రాలేవీ క్యూబాకి వెళ్లనే లేదు.

నాన్న బెజవాడ గూడ్స్ షెడ్డులో క్లర్కుగా చేసి రిటైరయ్యారు. యుద్ధాలంటే ఆయనకి పెద్ద ఇంట్రెస్టు లేదు. కానీ ఏడు రైళ్లలో శాన్ ఆంటోనియో నుంచి ఇక్కడికి వెయ్యి మంది మనుషులూ, వెయ్యికి పైగా గుర్రాలూ కంచరగాడిదలూ వచ్చాయనగానే ఆగిపోయి, "నాలుగు రోజుల ప్రయాణమా? మేత, నీళ్లు? ఎక్కడెక్కడ దించారు?" అని మొదలెట్టారు. ఇంక నాకు హుషారొచ్చింది. చెట్టు కింద బెంచీ చూసి కూర్చున్నాం.

ఆ వెయ్యి మందిలో ఎవరెవరున్నారో చెప్పాను. అరిజోనా, న్యూ మెక్సికో కౌబాయ్‌లు, గనుల వాళ్లు, షెరీఫులు, అమెరికన్ ఇండియన్లు, హార్వర్డ్‌లో ఫుట్‌బాల్ ఆడిన పెద్దింటి పిల్లలు. కల్నల్ లెనర్డ్ వుడ్ అసలు డాక్టరు. అధ్యక్షుడు మెకిన్లీకి వైద్యం చేసేవాడు. రూజ్‌వెల్ట్ నేవీలో పెద్ద ఉద్యోగం వదిలేసి ఆయన కింద రెండోవాడిగా చేరాడు. నాన్న ఊఁ కొడుతున్నారు గానీ మనసంతా రైళ్ల మీదే ఉంది.

అప్పటి టాంపా సంగతి ఆయన కోసమే పుట్టినట్టుంటుంది. ఊరి నుంచి రేవుకి తొమ్మిది మైళ్లు, ఒకటే లైను. అమెరికా సైన్యాధిపతి జనరల్ మైల్స్ ఇక్కడికొచ్చి చూసి వాషింగ్టన్‌కి రాశాడు: చుట్టుపక్కల 300లకి పైగా వేగన్లు సరుకుతో నిలబడి ఉన్నాయి, ఇన్వాయిసులు మాత్రం రాలేదు, దేంట్లో బట్టలున్నాయో దేంట్లో ధాన్యముందో దేంట్లో తూటాలున్నాయో తెలీక ఆఫీసర్లు సీళ్లు తెంచి పెట్టె పెట్టెకీ వెతుక్కుంటున్నారని.

"సీళ్లు తెంచారా?" నాన్న మొహం చూడాలి. "ఎవరి ఎదుట తెంచారు? పంచనామా రాశారా?"

నూట పాతికేళ్ల కిందటి మాట నాన్నా అన్నా ఊరుకోలేదు. లేబుల్ లేని వేగన్ ఒక్కటి యార్డులోకొస్తే తామెంత గోల పడేవాళ్లో, వేగన్ ఆలస్యంగా ఖాళీ చేస్తే కట్టాల్సిన డెమరేజీ ఎవరి నెత్తిన పడేదో ఓ పావుగంట చెప్పారు. నేను మంచినీళ్లు తాగుతూ విన్నాను. బాగుంది కూడా.

జూన్ 7 రాత్రి ఉత్తర్వు వచ్చింది. తెల్లారేసరికి రేవులో లేకపోతే యుద్ధం లేదు, ఏం లేదు. ఓడల్లో చోటు చాలదు కాబట్టి రెజిమెంటులోని పన్నెండు ట్రూపుల్లో, అంటే దళాల్లో, ఎనిమిదే వెళ్లాలి, గుర్రాలు ఆఫీసర్లవి తప్ప మిగతావన్నీ ఇక్కడే. రఫ్ రైడర్లు అర్ధరాత్రి పట్టాల పక్కకొచ్చి నిలబడ్డారు. రైలు రాలేదు. ఇంకో లైనుకి వెళ్లమన్నారు, అక్కడా రాలేదు. పొద్దున ఆరింటికి బొగ్గు పెట్టెల బండొకటి వస్తే ఆపి ఎక్కేశారు. డ్రైవర్ని ఒప్పించి బండిని వెనక్కి రేవు దాకా నడిపించుకున్నారు. మొహాలన్నీ నల్లగా దిగారట.

రేవులో ఇంకో గోల. వీళ్లకిచ్చిన యూకటాన్ అనే ఓడని అప్పటికే మరో రెండు రెజిమెంట్లకి కూడా కేటాయించారు. ఆ సంగతి తెలియగానే వుడ్ పడవలో ఎదురెళ్లి ఓడెక్కేశాడు, రూజ్‌వెల్ట్ మనుషుల్ని పరిగెత్తించుకొచ్చి రేవు వైపు నుంచి ఎక్కించేశాడు. న్యూయార్క్ 71వ రెజిమెంటు వచ్చేసరికి చోటు లేదు. ఈ సంగతి రూజ్‌వెల్ట్ మరుసటి ఏడు రాసుకున్న పుస్తకంలో సరదాగానే చెప్పుకుంటాడు. నాన్నకి మాత్రం సరదాగా లేదు. "కాగితం చేతిలో ఉన్నవాడు ఒడ్డున నిలబడ్డాడన్నమాట" అన్నారు.

అంత హడావిడి పడి ఎక్కితే, స్పెయిన్ యుద్ధనౌకలు కనిపించాయన్న పుకారుతో ఓడలు జూన్ 14 దాకా టాంపా అఖాతంలోనే ఆగిపోయాయి. ఈ ఊరి జూన్ ఉక్క నాకు తెలుసు. ఆ ఇనుప ఓడలో ఎలా ఉన్నారో.

జూన్ 22న క్యూబాలో డైకిరీ దగ్గర దిగారు. గుర్రాల్ని నీళ్లలోకి తోశారు, రూజ్‌వెల్ట్ గుర్రాల్లో ఒకటి మునిగిపోయింది. అదే రోజు పదో కావల్రీకి చెందిన ఇద్దరు నల్లజాతి సైనికులు రేవు దగ్గర నీళ్లలో పడిపోతే, రఫ్ రైడర్ల కెప్టెన్ బకీ ఓనీల్ బట్టల్తోనే దూకాడు. దక్కలేదు. ఈ ఓనీల్ అరిజోనాలో ప్రెస్కట్ ఊరికి మేయరు. జూలై 1న కొండ కింద తన మనుషులు పడుకుని ఉంటే, తాను నిలబడి సిగరెట్ కాలుస్తూ అటూ ఇటూ తిరిగాడు. పడుకోండి సార్ అంటే, నన్ను చంపే తూటా ఇంకా తయారవలేదన్నాడట. కాసేపటికే తూటా తగిలి పోయాడు. ఇంతమందిలో నాకు గుర్తుండిపోయే మనిషి ఇతనే.

ఆ రోజు కెటిల్ హిల్ ఎక్కినప్పుడు గుర్రం మీదున్నది రూజ్‌వెల్టే, అదీ పైన తీగ కంచె అడ్డొచ్చేదాకా. మిగతా వాళ్లది నడకా పరుగూ. పక్కనే తొమ్మిదో, పదో కావల్రీల నల్లజాతి సైనికులు, రెగ్యులర్ సైన్యం వాళ్లు. పేరు మాత్రం ఒక్కరికే దక్కింది. కొండ మీద చక్కెర వండే పెద్ద ఇనుప పాత్రలుంటే కొందరు వాటి చాటున నక్కారు. "మన బెల్లం పెనాలన్నమాట, తూటాని ఆపుతాయి మరి" అన్నారు నాన్న.

తర్వాత మలేరియా, ఎల్లో ఫీవర్. ఆ యుద్ధం మొత్తమ్మీద అమెరికా వాళ్లు పోట్లాటలో పోయింది 400 లోపు, జబ్బులతో పోయింది రెండు వేల పైన.

రాత్రి అన్నాల దగ్గర నాన్న ఇదంతా అమ్మకి చెప్పారు, వేగన్ల భాగం కాస్త ఎక్కువగానే. అమ్మ పెరుగు వడ్డిస్తూ, "అయితే ఇక్కడ ఉండిపోయిన గుర్రాల్ని ఎవరు చూశారు?" అంది.

మిగిలిపోయిన నాలుగు ట్రూపుల వాళ్లు. యుద్ధానికని ఇల్లూ ఊరూ వదిలొచ్చి, టాంపా ఎండలో గుర్రాలకి నీళ్లు తోడుతూ, మాలీషు చేస్తూ, జ్వరాలు పడుతూ వేసవంతా గడిపారు. ఆగస్టులో న్యూయార్క్ దగ్గర మాంటాక్ క్యాంపుకి మిగతావాళ్లు క్యూబా నుంచి జ్వరాలతో వస్తే, వీళ్లు ఇక్కడి నుంచి గుర్రాలతో వెళ్లారు. సెప్టెంబరులో రెజిమెంటునే రద్దు చేసేశారు.