టొరంటోలో 1951 ఫైనల్ జాడ వెతుక్కుంటూ

టొరంటో వెళ్లిన మనవాళ్లు ఎక్కువగా నయాగరా, సీఎన్ టవర్ చూసి వచ్చేస్తారు. నాకు మాత్రం 1951 స్టాన్లీ కప్, అంటే ఐస్ హాకీలో పెద్ద కప్పు, దాని ఫైనల్ ముగిసిన చోటు చూడాలని ఎప్పటినుంచో కోరిక. టొరంటో మేపుల్ లీఫ్స్‌కీ మాంట్రియల్ కెనేడియన్స్‌కీ, అంటే ఇంగ్లీషు ఊరికీ ఫ్రెంచ్ ఊరికీ మధ్య పోరు అది. ఐదు మ్యాచ్‌లు ఆడితే ఐదుకి ఐదూ ఓవర్‌టైమ్‌కి వెళ్లాయి, ఐదూ ఒక్క గోల్ తేడాతోనే తేలాయి. ఆ ఫైనల్స్ చరిత్రలో ఇంకెప్పుడూ అలా జరగలేదు. ఓవర్‌టైమ్‌లో ఎవరు ముందు గోల్ కొడితే వాళ్లదే మ్యాచ్, అక్కడితో ఆట ఆఖరు. చూసేవాళ్లకి ఎంత టెన్షనో!

మిస్సిసాగాలో అక్కావాళ్ల ఇంటి నుంచి బావా నేనూ గో ట్రైన్ అనే లోకల్ రైల్లో వచ్చి యూనియన్ స్టేషన్‌లో దిగి, ముందు హాకీ హాల్ ఆఫ్ ఫేమ్ అనే మ్యూజియంకి వెళ్లాం. 1885 నాటి బ్యాంకు భవనం, పైన రంగుటద్దాల గోపురం. అప్పటి కెనడా గవర్నర్ జనరల్ లార్డ్ స్టాన్లీ 1892లో కప్పుగా ఇచ్చిన అసలు వెండి గిన్నెని పాత బ్యాంకు లాకర్ గదిలో ఉంచారు. కప్పు మీద గెలిచినవాళ్ల పేర్లు చెక్కే పట్టీలు నిండిపోతే అన్నిటికన్నా పాతదాన్ని తీసి ఇదే గదిలో పెడతారు, 1951 పట్టీ కూడా అలాగే చేరింది. చిన్న చిన్న అక్షరాలు, వెండి మెరుపులో సరిగ్గా కనపడవు. అద్దానికి ముక్కు ఆనించి మరీ బిల్ బరిల్కో పేరు వెతికాను.

ఆ పేరే ఎందుకంటే, ఆఖరి గోల్ అతనిది. ఏప్రిల్ 21, ఐదో మ్యాచ్. లీఫ్స్ 2-1తో వెనకబడి ఉన్నారు, గోలీని (గోల్ కీపర్‌ని) కూడా బయటికి పిలిపించి ఒక ఆటగాణ్ని అదనంగా దింపారు. 32 సెకన్లు మిగిలి ఉండగా టాడ్ స్లోన్ స్కోరు సమం చేశాడు. ఓవర్‌టైమ్ మూడో నిమిషంలో లీఫ్స్ డిఫెన్స్ ఆటగాడైన బరిల్కో వెనక నుంచి దూసుకొచ్చి, ముందుకి పడిపోతూనే పక్‌ని (బంతి బదులు వాడే రబ్బరు బిళ్లని) గోల్‌లోకి కొట్టాడు, కప్పు లీఫ్స్‌ది. ఆ క్షణాన తీసిన ఫొటోలో అతను ఇంకా గాల్లోనే ఉంటాడు, మాంట్రియల్ గోలీ జెర్రీ మెక్‌నీల్ వెనక్కి ఒరిగిపోతుంటాడు. ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు నాకు.

ఆ ఆగస్టులో చేపల వేటకని స్నేహితుడి చిన్న విమానంలో ఉత్తరానికి వెళ్లిన బరిల్కో మళ్లీ తిరిగి రాలేదు. వయసు 24. విమాన శకలాలు దొరికింది 1962 జూన్‌లో. లీఫ్స్ ఆ మధ్యలో ఒక్క కప్పూ గెలవలేదు, మళ్లీ గెలిచింది ఆ ఏడాది ఏప్రిల్‌లోనే. అతను దొరికాకే శాపం తీరిందన్నట్టు చెప్పుకునేవాళ్లున్నారు గానీ, గెలుపే ముందు. ఒక తల్లి పదకొండేళ్లు ఎదురుచూసిన విషయాన్ని శాపం కథగా చెప్పుకోవడం నాకు నచ్చదు.

అక్కణ్నుంచి సబ్‌వేలో కాలేజ్ స్టేషన్‌కి. పట్టాలకి అటు ఒక జట్టు, ఇటు ఒక జట్టు, గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు! ఒక్క నిమిషం రైలు సంగతే మర్చిపోయాం. బయటికొచ్చి కార్ల్‌టన్ వీధిలో తూర్పుకి కాస్త నడిస్తే చర్చ్ వీధి మూలన పసుపు ఇటుకల మేపుల్ లీఫ్ గార్డెన్స్, ఆ ఫైనల్ ముగిసిన స్టేడియం. 1931లో కట్టారు, లీఫ్స్ 1999 వరకూ ఇక్కడే ఆడారు. ఇప్పుడు కింద లోబ్లాస్ సూపర్‌మార్కెట్.

"ఏమోయ్, ఇంత దూరం తీసుకొచ్చింది కూరగాయలకా?" అన్నాడు బావ.

"ఆగు బావా, ఇరవయ్యయిదో వరుసలోకి రా."

నేల మీద ఒక ఎర్ర చుక్క. పాత రింక్ (మంచు మైదానం) మధ్యభాగం సరిగ్గా అక్కడే. దాని మీద నుంచే జనం బండ్లు తోసుకుంటూ పోతున్నారు. బావ చుక్క మీద నిలబడి నాలుగు పక్కలా చూసి, "గోల్ ఎటువైపు పడింది?" అని అడిగాడు. ఆయన ఆ మాట అడగడం నాకు ఎంత ఆనందమేసిందో! గోడ మీద పాత కుర్చీలతో చేసిన పెద్ద మేపుల్ ఆకు కూడా ఉంది, తప్పకుండా చూడండి.

భవనం కూలగొట్టకుండా ఉంచినందుకు నాకు సంతోషమే. పై అంతస్తులో, అదే పాత పైకప్పు కింద ఇప్పటికీ ఐస్ రింక్ ఉంది, యూనివర్సిటీ జట్టు అక్కడ ఆడుతుంది. చలికాలంలో వెళ్లేవాళ్లు మ్యాచ్ ఉన్న రోజు చూసుకుని వెళ్లండి.