పోటు చూసుకుని బయల్దేరాం

మా పాపకి తొమ్మిదేళ్ళు. పుట్టుకతోనే స్పైనా బైఫిడా, అంటే కడుపులో ఉండగానే వెన్నెముక ఒకచోట పూర్తిగా మూసుకోలేదు. నడుం కిందకి కదలిక లేదు, స్పర్శా లేదు. ఈ రెండో సంగతి జనానికి ఓ పట్టాన ఎక్కదు. కాలు కాలినా తెలియదంటే "పోన్లెండి, నొప్పన్నా ఉండదు" అన్న పెద్దమనిషి ఉన్నాడు మా చుట్టాల్లోనే. ఆ నొప్పి లేకపోవడమే మాకు పెద్ద టెన్షన్ అని ఆయనకి చెప్పి లాభం లేదని ఊరుకున్నాను.

మాది పాలకొల్లు. ఎటు చూసినా నీళ్ళే, కాలవలు, గోదారి, ఇంకాస్త పోతే సముద్రం. అయినా పాపకి నిరుడు దాకా సముద్రం చూపించలేదు. బడి, ఆసుపత్రి, సదరం (వైకల్యం ఎంతో తేల్చే) సర్టిఫికెట్ కోసం తిరుగుళ్ళు, ఎప్పుడైనా ఓ పెళ్ళి. మొదటి కుర్చీ ఒక క్యాంపులో ఉచితంగా వచ్చింది. సీటు పద్దెనిమిది అంగుళాలు, పెద్దవాళ్ళది. అందులో పాప ఓ పక్కకి ఒరిగిపోయి, గంపలో కోడిపిల్లలా ఉండేది. తర్వాత పధ్నాలుగు అంగుళాలది కొన్నాం, అప్పుడే తన చేతులతో తను చక్రం తోసుకోవడం మొదలుపెట్టింది. బయటికి తీసుకెళ్ళాలనుకునేవాళ్ళు ముందు పిల్లకి సరిపోయే కుర్చీ చూసుకోండి, మిగతావన్నీ తర్వాతే.

మొదటి షికారు ఘోరంగా దెబ్బతింది. గోదారి మీద ఒక టూరిస్టు బోటు, పేరెందుకులెండి. ఫోన్ చేసి అడిగితే "ఆయ్, తీసుకొచ్చేయండి, ఇబ్బందేం లేదు" అన్నారు. తీరా వెళ్తే అడుగు వెడల్పు బల్ల మీద నడిచి ఎక్కాలి. ఇద్దరు కుర్రాళ్ళు పాపని గబుక్కున ఎత్తేసి లోపల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు, చక్రాల కుర్చీ మడతపెట్టి గట్టు మీదే వదిలేశారు, దాని మెత్త కూడా దాంతోనే ఉండిపోయింది. మూడున్నర గంటలు. రాత్రి స్నానం చేయిస్తూ మా ఆవిడ పిలిచింది, తుంటి దగ్గర ఎర్రటి మచ్చ. వేలితో నొక్కితే తెల్లబడాలి, తెల్లబడలేదు. అంటే లోపల చర్మం అప్పటికే దెబ్బతింది. అది పుండై, మానడానికి రెండు నెలలు పట్టింది, ఆ రెండు నెలలూ బడి లేదు, బోర్లా పడుకోవడమే.

పాప ఏడ్చింది పుండు గురించి కాదు. "నన్నడక్కుండా ఎత్తేశారు నాన్నా" అంది.

అప్పట్నుంచీ నాకు కోపం రావడం మొదలైంది, ఎవరిమీదో తెలియని కోపం. మన గోదారోళ్ళు మంచోళ్ళే, చెయ్యి చాపక్కర్లేకుండానే పదిమంది వస్తారు. పిల్లని మోసేవాళ్ళకి కొదవలేదు, కుర్చీకి ఒక పలక వేసేవాళ్ళే కనబడరు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో జనం తిరిగే చోట్లు వికలాంగులకీ అందుబాటులో ఉండాలని ఉంది. ర్యాంపు లెక్క కూడా తేలికే, అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండడుగుల పొడవు వాలు కావాలి. మా ఊళ్ళో నేను చూసిన ఒక ర్యాంపు మూడు మెట్ల మీద సిమెంటు పోసినట్టుంటుంది, దాని మీద కుర్చీ ఎక్కించాలంటే ఎద్దు కావాలి.

సరే, ఈసారి అంతర్వేది అనుకున్నాం. వశిష్ఠ గోదారి సముద్రంలో కలిసే చోటు, అన్నాచెల్లెళ్ళ గట్టు చూడాలని పాప మామ్మ దగ్గర కథ విన్నప్పట్నుంచీ అంటోంది. మాఘంలో అయితే భీష్మ ఏకాదశికి అక్కడ తీర్థం, ఇసకేస్తే రాలనంత జనం, కాబట్టి పుష్యమాసంలోనే వెళ్ళిరావాలని అనుకున్నాం. చించినాడ వంతెన మీదుగా వ్యాన్‌లో పోవచ్చు, కానీ పాపకి పంటు ఎక్కాలని ఉంది. నరసాపురం దగ్గర మాధవాయిపాలెం రేవు నుంచి సఖినేటిపల్లికి పంటు నడుస్తుంది కదా, బైకులూ కార్లూ ఎక్కే పంటు.

ముందు నేనొక్కణ్ణే బైకు మీద వెళ్ళి చూసొచ్చాను, అదీ రెండుసార్లు. మొదటిసారి మధ్యాహ్నం. రేవు నుంచి పంటు మీదకి వాలు చూసి గుండె జారింది, బైకులవాళ్ళే కాళ్ళు ఆనిస్తూ దిగుతున్నారు. అక్కడ పంటు నడిపే సరంగుని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "మీరొచ్చింది పాటు మీదండీ. పోటుకి రండి, పంటు పైకి లేచి ఉంటది, బల్ల చదునుగా ఉంటది" అన్నాడు.

ఇన్నేళ్ళూ నదీతీరంలో బతుకుతూ నాకీ సంగతి తట్టలేదు. సముద్రం పోటు ఇక్కడిదాకా వస్తుంది, నీరు లేస్తే (అదే పోటు) పంటూ లేస్తుంది, నీరు తీస్తే (అదే పాటు) పంటూ దిగుతుంది. అష్టమి, నవమి రోజుల్లో పోటు పెద్దగా రాదు, పౌర్ణమికీ అమావాస్యకీ బాగా వస్తుంది, రోజుకి ముప్పావుగంట పైనే వెనక్కి జరుగుతుంది. ఇవన్నీ ఆయన బీడీ ముట్టించుకుంటూ చెప్పాడు. రెండోసారి పౌర్ణమికి వెళ్ళాను, పొద్దున్నే. నిజమే, బల్ల దాదాపు చదునుగా ఉంది. పంచాంగం ఇలా పనికొస్తుందని మా నాన్న ఉంటే మురిసిపోయేవాడు.

తర్వాత ఇసక సంగతి. చెన్నై మెరీనాలో 2022 నవంబరులో చక్రాల కుర్చీల కోసం ఇసక మీద చెక్క బాట వేశారు. మర్నెలలోనే మాండూస్ తుపానుకి అది దెబ్బతింటే మళ్ళీ బాగుచేశారు. మనకి తుపాన్లు కొత్తా, బాటే లేదు గానీ. కుర్చీ ముందు చక్రాలు చిన్నవి, పొడి ఇసకలో కూరుకుపోతాయి. ఇటుకల బట్టీ దగ్గర ఇసక కుప్ప మీద ప్రాక్టీసు చేశాం. గోనెసంచులు పరిస్తే చక్రం కింద చుట్టుకుపోయాయి. చివరికి పనికొచ్చింది కొబ్బరి పీచు చాపలు, కోనసీమలో పీచు యూనిట్ నడిపే స్నేహితుడు దళసరివి రెండు ఇచ్చాడు, ఒక్కోటి రెండు బారలు. ఒకటి దాటగానే దాన్ని తీసి ముందు పరవడం. ఇంకో కిటుకు, కుర్చీని తిప్పి వెనక్కి లాగాలి, పెద్ద చక్రాలు ముందు పోతే చిన్నవి వాటంతటవే వస్తాయి.

సంచిలో పెట్టినవి: మెత్త, నీళ్ళ సీసాలు, పాప మందం సాక్సులు (ఎండకి కుర్చీ ఇనప ఫుట్‌రెస్ట్ కాలిపోతుంది, పాపకి తెలియదు కాబట్టి), పాత చీర, క్యాథటర్లు (మూత్రం తీసే సన్నటి గొట్టాలు). నాలుగు గంటలకోసారి క్యాథటర్ పెట్టాలి. అక్కడి మరుగుదొడ్డి తలుపులో కుర్చీ పట్టదని ముందే కొలిచి వచ్చాను, అందుకే వ్యాన్ వెనక సీటు తీసేసి చీర కట్టాం. ఆ పనంతా మా ఆవిడదే, నా పని తలుపు దగ్గర కాపలా.

పౌర్ణమి మర్నాడు, ఆదివారం. పదిన్నరకి పంటు ఎక్కాం. ఒక కుర్రాడు చేతులు చాచాడు ఎత్తడానికి. పాప "వద్దండి, నేనే వస్తా" అని గట్టిగా అంది. అతను చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. తనే తోసుకుంటూ ఎక్కింది, నేను వెనక హ్యాండిల్ దగ్గర చెయ్యి ఉంచాను, తాకలేదు. రెండు బైకుల మధ్య, ఒక మేకపిల్ల పక్కన బ్రేకులు వేసుకుని నది మధ్యకి వచ్చేసరికి మా పాప మొహం చూడాలి మీరు.

బీచ్‌లో పొడి ఇసక దాటడానికి నలభై నిమిషాలు పట్టింది. చాప తియ్యడం, పరవడం, లాగడం, నాకూ బావమరిదికీ నడుములు పోయాయి. కానీ పాటు మొదలై తడి ఇసక బయటపడింది, అది గట్టిగా ఉంటుంది, అక్కడ చాపే అక్కర్లేదు. పాప తనంతట తను ఓ యాభై గజాలు తోసుకుంది, వెనక్కి తిరిగి తన చక్రాల జాడలు చూసుకుంది, అల వచ్చి చెరిపేస్తే మళ్ళీ తోసింది. ఇరవై నిమిషాలకోసారి చేతుల మీద లేచి ఒంటి బరువు దించుకోవాలి, దానికి ఫోన్‌లో అలారం పెట్టాను. మోగిన ప్రతిసారీ విసుక్కుంది.

గుడికి పోలేదు. వేరే ఊళ్ళో ఒక గుడి దగ్గర చక్రాలు చెప్పులతో సమానం అన్న మాట ఇంకా గుర్తుంది, ఆ రోజు వాదించే ఓపిక లేదు.

ఇక నా తెలివి చూడండి. పోటు లెక్క పోయేటప్పటికే వేశాను, వచ్చేటప్పటికి వెయ్యలేదు. సాయంత్రం నాలుగున్నరకి సఖినేటిపల్లి రేవుకి వస్తే నీరు దిగిపోయి బల్ల నిట్టనిలువుగా ఉంది. అక్కడి ఆయన పాపం మంచివాడు, "పాపని ఎత్తుకుంటామండీ, కుర్చీ వేరే తెస్తాం" అన్నాడు. పాప "పలక లేదా అండి?" అని అడిగింది. ఆయన వెళ్ళి ఎక్కడో రెండు పలకలు వెతికి తెచ్చాడు కూడా, వేసి చూశాం, పొట్టివి, సరిపోలేదు. ఎత్తించుకోనంది. నేనూ బలవంతపెట్టలేదు. వ్యాన్ వెనక్కి తిప్పి, దిండి, చించినాడ వంతెన మీదుగా చీకటిపడ్డాక ఇల్లు చేరాం.

ఇంటికి రాగానే కుర్చీని మంచినీళ్ళతో కడిగి బేరింగులకి నూనె పెట్టండి, ఉప్పు చాలా తొందరగా తినేస్తుంది. నేను ఆ రాత్రే కడుగుతుంటే పాప పంచాంగం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నాన్నా, మలికిపురంలో అత్త ఉందిగా. సాయంత్రం రాకుండా అక్కడే పడుకుంటే, పొద్దున పోటుకి పంటు మీదే రావచ్చుగా?"